కారు ఇంజిన్ దెబ్బతింటే: విప్పి బాగు చేయించాలా, మార్చేయాలా, కారునే వదిలేయాలా?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలను ముంచెత్తింది. ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నిలిపిన వేల వాహనాలు నీళ్లలో ఉండిపోయాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2015 డిసెంబరులో చెన్నైలో కూడా ఇదే జరిగింది. నీళ్లు తీసిన తర్వాత ప్రతి యజమానికీ వర్క్‌షాపులో దాదాపు ఒకే మాట వినిపిస్తుంది: ‘ఇంజిన్ పోయింది సార్. బోర్ చేయిద్దామా, మార్చేద్దామా?’

వరదే రానక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్‌కు సంప్ తగిలి ఆయిల్ కారిపోయినా, రేడియేటర్ లీకై ఇంజిన్ విపరీతంగా వేడెక్కినా, టైమింగ్ బెల్టు తెగినా చివరికి ఎదురయ్యేది ఈ ప్రశ్నే. మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు తర్వాత పెద్ద ఖర్చు కారే. క్యాబ్ నడిపేవారికైతే ఇంటి ఆదాయమంతా దానిమీదే. ఇంత ముఖ్యమైన నిర్ణయాన్ని చాలామంది అరగంటలో, ఫోన్‌లో, ఇంజిన్ విప్పకముందే తీసేసుకుంటున్నారు. కొలతలు లేకుండా ఇచ్చే ఎస్టిమేట్ ఒక అంచనా మాత్రమే. ఇంజిన్ లోపల నిజంగా ఏం పాడైంది, బాగయ్యాక కారు విలువెంత, కాగితాలు ఏం చెబుతున్నాయి అనే మూడు విషయాలు తేలాకే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

నాలుగు చెంచాల నీళ్లు చాలు

ఇంజిన్‌లోకి నీళ్లు వెళితే ఏమవుతుందో ముందు చూద్దాం. సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలిని నొక్కుతుంది. గాలి నొక్కుడు పడుతుంది, నీరు పడదు. పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ కంటే ఎక్కువ నీళ్లు సిలిండర్‌లో ఉంటే పిస్టన్ మధ్యలోనే ఆగిపోతుంది. కింద క్రాంక్‌షాఫ్ట్ మాత్రం తిరగాలని చూస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ఇది జరిగితే రాడ్ విరిగి బ్లాక్‌కు చిల్లు పెట్టడమూ ఉంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

ఇందుకు ఎన్ని నీళ్లు కావాలి? మన రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన 1,248 సీసీ డీజిల్ ఇంజిన్‌నే తీసుకుందాం. నాలుగు సిలిండర్లు కాబట్టి ఒక్కొక్కటి 312 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి సుమారు 17:1. అంటే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ 20 మిల్లీలీటర్ల లోపే, సుమారు నాలుగు టీస్పూన్లు. అదే 1,197 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో, 11:1 నిష్పత్తి దగ్గర, ఆ ఖాళీ 30 మిల్లీలీటర్లు ఉంటుంది. అందుకే ఒకే నీళ్లలో నిలిచిన రెండు కార్లలో డీజిల్‌ది ముందు దెబ్బతింటుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆపి ఉంచిన కారు మునిగితే ఇంజిన్ చాలాసార్లు బతికే ఉంటుంది. నీళ్లు తీశాక ‘ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం’ అని తాళం తిప్పడమే దాన్ని చంపుతుంది. అందుకే మునిగిన కారుకు సెల్ఫ్ కొట్టకూడదు. గేరులో వేసి తోయకూడదు. బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో తెలిసేలా బయట, లోపల ఫొటోలు తీయాలి. బీమా కంపెనీకి వెంటనే సమాచారం ఇచ్చి, కారును లాగించుకుని కాకుండా ఎత్తించుకుని వర్క్‌షాపుకు చేర్చాలి.

అలాగని వారాల తరబడి వదిలేయడమూ తప్పే. సిలిండర్ గోడలకు, బేరింగులకు కొద్ది రోజుల్లోనే తుప్పు పడుతుంది. సర్వేయర్ రావడం ఆలస్యమైతే, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, స్పార్క్ ప్లగ్‌లు లేదా గ్లో ప్లగ్‌లు విప్పించి నీళ్లు బయటకు తీయించడం మేలు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే లోపలికి నీళ్లు చేరినట్టే.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే మొదటి ప్రశ్న

‘ఇంజిన్ పోయింది’ అనేది ఒక్క మాటే అయినా, దాని వెనుక నాలుగైదు వేర్వేరు జబ్బులుంటాయి. కారణాన్ని బట్టి దెబ్బ తగిలే చోటు మారుతుంది, చోటును బట్టి ఖర్చు మారుతుంది.

ఇంజిన్ వేడెక్కితే ముందు దెబ్బతినేది పై భాగం. అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. వంకర కొద్దిగానే ఉంటే లేత్ వర్క్‌షాపులో హెడ్ ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్ మార్చితే సరిపోతుంది. కింది భాగాన్ని విప్పాల్సిన పని పడకపోవచ్చు. అయితే వేడెక్కాక కూడా చాలా దూరం నడిపి ఉంటే పిస్టన్లు సిలిండర్ గోడలను గీసేసి ఉంటాయి.

టైమింగ్ బెల్టు లేదా చెయిన్ తెగితే, చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి. అదృష్టం బాగుంటే ఇది కూడా హెడ్ పనితోనే ముగుస్తుంది.

ఆయిల్ లేకుండా నడిస్తే దెబ్బ కింది భాగానికి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు కాలిపోతాయి, క్రాంక్ మీద గీతలు పడతాయి. ఒక్కోసారి బేరింగ్ తన చోట తానే తిరిగిపోయి బ్లాక్‌ను కూడా తినేస్తుంది.

హైడ్రోలాక్‌లో దెబ్బ రాడ్లకు. ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంటుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కావచ్చు, కొన్ని వందల కిలోమీటర్లు బాగానే నడవచ్చు కూడా. రాడ్ వంగినందువల్ల పిస్టన్ మునుపటి ఎత్తుకు చేరదు, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గుతుంది. విప్పి చూస్తే సిలిండర్ పైభాగాన మసి పట్టీ మామూలు కంటే వెడల్పుగా ఉంటుంది. ఆ రాడ్ ఎప్పుడో ఒకప్పుడు, బహుశా హైవే మీద, విరుగుతుంది. కాబట్టి ‘నీళ్లు తీసేశాం, ఆయిల్ మార్చాం, స్టార్ట్ అయింది’ అన్న మాటతో సంతృప్తి పడకండి. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఎంత ఉందో అంకెల్లో రాయించుకోండి. ఒక సిలిండర్ మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తే పని ఇంకా అయిపోలేదని అర్థం.

విప్పాక అడగాల్సిన కొలతలు

ఇంజిన్ విప్పిన తర్వాత నిర్ణయం మెకానిక్ అనుభవం మీదే కాదు, మైక్రోమీటర్, బోర్ గేజ్ చూపించే అంకెల మీద ఆధారపడాలి. ముఖ్యమైనవి నాలుగు.

సిలిండర్ బోర్: గోడలు ఎంత అరిగాయి, గుండ్రంగా ఉన్నాయా, కోలగా మారాయా? అరుగుదల తక్కువైతే హోనింగ్ చేసి కొత్త రింగులు వేయవచ్చు. ఎక్కువైతే బోర్ పెద్దది చేసి 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. అది కూడా కుదరకపోతే లైనర్ దించుతారు. ఓవర్‌సైజు పిస్టన్లు అన్ని ఇంజిన్లకూ దొరకవు. కొన్ని అల్యూమినియం బ్లాకులకు బోరింగ్ సాధారణ లేత్ వర్క్‌షాపులో అయ్యే పని కాదు. మీ ఇంజిన్‌కు ఆ దారి ఉందో లేదో ముందే అడగాలి.

క్రాంక్‌షాఫ్ట్: గీతలు పడితే గ్రైండింగ్ చేసి అండర్‌సైజు బేరింగులు వేస్తారు. కొన్ని ఆధునిక ఇంజిన్ల క్రాంక్‌లను గ్రైండ్ చేయవద్దని కంపెనీలే చెబుతాయి. క్రాంక్ వంగి ఉందా, పగులు ఉందా అన్నది కూడా పరీక్షించాలి.

హెడ్: వంకర మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉండాలి. చాలా మాన్యువళ్లలో పరిమితి అంతకంటే తక్కువ. ఫేసింగ్ చేయించే ముందు పగుళ్ల కోసం ప్రెజర్ టెస్ట్ తప్పనిసరి. పగిలిన హెడ్‌కు ఎంత నున్నగా ఫేసింగ్ చేసినా ఆ డబ్బు వృథా.

బ్లాక్: చిల్లు పడిందా, పగిలిందా, బేరింగ్ కూర్చునే చోటు చెడిందా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా చర్చ దాదాపు ముగిసినట్టే. బ్లాక్‌కు వెల్డింగ్ పెట్టి నడిపేవాళ్లున్నారు. సొంత కుటుంబం ప్రయాణించే కారుకు అది తగిన పని కాదు.

మొత్తం మీద దెబ్బ హెడ్‌కే పరిమితమైతే బాగు చేయించడమే సరైనది. బోర్, క్రాంక్ రెండూ కోతకు లొంగే స్థితిలో ఉంటే పూర్తి ఓవర్‌హాల్ ఆలోచించవచ్చు. బ్లాక్, క్రాంక్ రెండూ పోతే ఇంజిన్ మార్చాల్సిందే, లేదా కారు వదులుకోవాల్సిందే.

మార్చడమంటే మూడు వేర్వేరు పనులు

‘ఇంజిన్ మార్చేద్దాం’ అన్నప్పుడు ఏది మారుస్తున్నారో అడగాలి.

మొదటిది, కంపెనీ నుంచి వచ్చే షార్ట్ బ్లాక్. బ్లాక్, క్రాంక్, రాడ్లు, పిస్టన్లు కూర్చి వస్తాయి. హెడ్, టర్బో, ఇంజెక్టర్లు, పంపులు మీ పాత ఇంజిన్ నుంచే తీసి బిగిస్తారు. పాత హెడ్ బాగోలేకపోతే కొత్త షార్ట్ బ్లాక్ వేసీ ప్రయోజనం ఉండదు. రెండోది, హెడ్‌తో సహా వచ్చే లాంగ్ బ్లాక్ లేదా పూర్తి ఇంజిన్. ఖర్చు ఎక్కువ, అనుమానాలు తక్కువ. మూడోది, ప్రమాదంలో దెబ్బతిన్న మరో కారు నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజిన్.

విజయవాడ జవహర్ ఆటోనగర్, ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట వంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ఇంజిన్ల వ్యాపారం దశాబ్దాలుగా నడుస్తోంది. క్యాబ్ నడిపేవారికి ఇది ఆకర్షణీయం. ఓవర్‌హాల్‌కు లేత్ వర్క్‌షాపు చుట్టూ తిరిగేసరికి రెండు మూడు వారాలు పడితే, సిద్ధంగా ఉన్న ఇంజిన్ రెండు మూడు రోజుల్లో బిగుస్తుంది. బండి ఆగిన ప్రతి రోజూ ఆదాయం పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. కానీ ఇక్కడ మూడు చిక్కులున్నాయి.

ఒకటి, ఇంజిన్ చరిత్ర. అదీ ఏదో వరదలో మునిగిందే కావచ్చు. బిగించే ముందు కంప్రెషన్ చూడాలి, సంప్ విప్పి బేరింగులు చూడాలి. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే అదే ఒక సమాధానం.

రెండు, సరిపోవడం. పైన చెప్పిన 1,248 సీసీ డీజిల్ ఇంజినే దీనికి మంచి ఉదాహరణ. ఫియట్ రూపొందించిన ఈ ఇంజిన్ మారుతి, టాటా, ఫియట్ కార్లలోనూ వచ్చింది. విడిభాగాలు, పాత ఇంజిన్లు విరివిగా దొరకడానికి ఇదే కారణం. కానీ అందులో 75 హార్స్‌పవర్ దగ్గరిది ఒకటి, వేరే రకం టర్బోతో 90 హార్స్‌పవర్ దగ్గరిది మరొకటి ఉన్నాయి. బయటకు ఒకేలా కనిపించినా టర్బో, ఇంజెక్టర్లు, కంప్యూటర్ సెట్టింగులు వేరు. ‘అదే ఇంజిన్ సార్’ అన్న మాటను నమ్మేముందు పార్ట్ నంబర్లు పోల్చాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లను ఆపేసింది కాబట్టి, దొరికే పాత ఇంజిన్ల వయసు ఏటా పెరుగుతూనే ఉంటుంది.

మూడోది చట్టం. దొంగ బండ్ల విడిభాగాల వ్యాపారం ఆరోపణలతో ఉత్తరప్రదేశ్ మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్‌ను 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. దేశంలో పేరున్న పాత బండ్ల మార్కెట్లలో అదొకటి. నంబరు చెరిపేసిన ఇంజిన్ మీ కారులో దొరికితే సమాధానం చెప్పాల్సింది మీరే. అందుకే జీఎస్టీ బిల్లు, ఏ కారు నుంచి తీశారో తెలిపే ఆర్సీ నకలు, స్పష్టంగా కనిపించే ఇంజిన్ నంబరు లేకుండా ఏ ధరకైనా కొనకూడదు.

ఆర్సీలో నంబరు మారకపోతే

ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది, రవాణా శాఖ వాహన్ రికార్డుల్లో ఉంటుంది, బీమా పాలసీలోనూ ఉంటుంది. ఇంజిన్ నంబరు మారినప్పుడు ఈ మూడు చోట్లా మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చి ఉంటే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అంటే మీ కారుకు కంపెనీ ఇచ్చిన రకం ఇంజినే, అదే ఇంధనం, అదే ఉద్గార ప్రమాణంతో వేయించాలి. ముందుగానే ఆర్టీవో కార్యాలయంలో అడిగి పని మొదలుపెట్టడం అన్నిటికంటే భద్రం.

పాత బ్లాక్‌ను అలాగే ఉంచి ఓవర్‌హాల్ చేయిస్తే నంబరు మారదు, ఈ తిప్పలేవీ ఉండవు. బాగు చేయించడంలో ఉన్న ఈ సౌలభ్యాన్ని లెక్కలో చాలామంది మర్చిపోతారు. షార్ట్ బ్లాక్ వేయిస్తుంటే నంబరు లేని కొత్త బ్లాక్ వస్తోందా, కొత్త నంబరుతో వస్తోందా అని సర్వీస్ సెంటర్‌లో అడగాలి. ఈ పని పూర్తి చేయకపోతే కారు అమ్మేటప్పుడో, బీమా క్లెయిమ్ వేసేటప్పుడో, 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడో కచ్చితంగా బయటపడుతుంది.

బీమా డబ్బు ఎవరికి వస్తుంది, ఎంత వస్తుంది

సమగ్ర బీమా పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉంది. కానీ మెకానికల్ బ్రేక్‌డౌన్, అసలు నష్టానికి పర్యవసానంగా వచ్చిన నష్టం మినహాయింపుల్లో ఉంటాయి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ చెడిందని సర్వేయర్ రాస్తే, అది వరద నష్టం కాదని, మీ చర్య పర్యవసానమని కంపెనీలు వాదిస్తాయి. అందుకే ఇంజిన్ ప్రొటెక్షన్ పేరుతో విడిగా యాడ్-ఆన్ అమ్ముతారు. చాలామంది పొరబడే చోటు ఒకటుంది: జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ ఉంటే ఇంజిన్‌కు కూడా రక్షణ ఉన్నట్టు కాదు. విడిభాగాల తరుగుదల కోతను మాత్రమే అది తప్పిస్తుంది.

ఆ కోత చిన్నదేమీ కాదు. మోటారు బీమాలో పాటించే పట్టిక ప్రకారం లోహ భాగాలకు కారు వయసు మూడు నుంచి నాలుగేళ్ల మధ్య ఉంటే 25 శాతం, నాలుగు నుంచి ఐదేళ్లకు 35 శాతం, ఐదు నుంచి పదేళ్లకు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం తగ్గిస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీలకు వయసుతో సంబంధం లేకుండా 50 శాతం.

మరో ముఖ్యమైన అంకె 75 శాతం. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో 75 శాతం దాటితే వాహనాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఉదాహరణకు కొత్తప్పుడు 8 లక్షల రూపాయలున్న కారుకు మూడేళ్లు దాటాక ఐడీవీ 40 శాతం తరుగుదలతో 4.8 లక్షలు. ఎస్టిమేట్ 3.6 లక్షలు దాటితే అది పూర్తి నష్టమే. వరదలో సీట్లు, వైరింగ్, కంప్యూటర్ బాక్సులు కూడా పోతాయి కాబట్టి ఈ గీత దాటడం కష్టం కాదు. అప్పుడు ‘బాగు చేయించాలా, మార్చాలా’ అన్న ప్రశ్నే ఉండదు, ఐడీవీ తీసుకోవడమే మిగులుతుంది. కారు మీద రుణం ఉంటే ఆ సొమ్ము మొదట ఫైనాన్స్ సంస్థకు వెళుతుంది, మిగిలిందే యజమానికి.

పూర్తి నష్టం కింద కారు వదులుకునేటప్పుడు ఆర్సీ ఎవరి పేరున మిగిలిందో చూసుకోవాలి. ప్రమాదం జరిగితే రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు వదిలేసిన కారును ఎవరో బాగు చేయించి నడుపుతుంటే, దాని చిక్కు మీ ఇంటికి రావచ్చు. పేరు మార్పిడి లేదా రిజిస్ట్రేషన్ రద్దు పూర్తయిన పత్రం చేతికొచ్చే వరకు వెంటపడాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే రాతపూర్వక కారణం అడిగి తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు సమాధానం రాకపోయినా, వచ్చింది సంతృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. విప్పిన ఇంజిన్ ఫొటోలు, కొలతల కాగితం, టోయింగ్ బిల్లు అక్కడ మీకు సాక్ష్యాలు. పాత భాగాలను సర్వేయర్ చూసే వరకు పారేయనివ్వవద్దు.

లెక్క వేయాల్సింది ఇంజిన్ మీద కాదు, కారు మీద

బీమా లేకపోతే, లేదా తిరస్కరణకు గురైతే సొంత డబ్బే. అప్పుడు చాలామంది రెండు ఎస్టిమేట్లను పక్కపక్కన పెట్టి తక్కువది ఎంచుకుంటారు. అడగాల్సింది వేరే ప్రశ్న: ఇంజిన్ చెడిన స్థితిలో ఈ కారు ఎంతకు పోతుంది, బాగయ్యాక ఎంత విలువ చేస్తుంది? ఈ రెంటి మధ్య తేడాయే మీరు పెట్టదగ్గ ఖర్చుకు పైగీత.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చూద్దాం. 2018 మోడల్ కారు మంచి స్థితిలో ఉంటే 4 లక్షల రూపాయలు, ఇంజిన్ చెడిన స్థితిలో 1.5 లక్షలు అనుకుందాం. పైగీత 2.5 లక్షలు. ఓవర్‌హాల్‌కు 1.1 లక్షలు, దానితోపాటు ఎలాగూ తప్పని క్లచ్, వాటర్ పంప్, టర్బో పనులకు 40 వేలు. మొత్తం 1.5 లక్షలు. ఇది చేయించదగ్గ పనే. కంపెనీ షార్ట్ బ్లాక్‌తో అదే పని 2.3 లక్షలు అయితే గీతకు కొద్దిగా కిందే ఉంది. ఇంకా ఆరేడేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే ఆలోచించవచ్చు, ఏడాదిలో అమ్మేసేవారికి దండగ. అదే 2012 మోడల్ కారు, బాగుంటే 2 లక్షలు, చెడితే 80 వేలు అనుకుంటే పైగీత 1.2 లక్షలే. ఓవర్‌హాల్ ఖర్చు దాన్ని దాటిపోతుంది. ఆ కారును ఉన్నదున్నట్టు అమ్మేయడమే నయం.

ఈ లెక్కలో మరో రెండు విషయాలు కలపాలి. ఒకటి, కారుకు మిగిలిన ఆయుష్షు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 14వ ఏట కొత్త ఇంజిన్ వేయించి, 15వ ఏట తుప్పు పట్టిన ఛాసిస్ వల్ల పరీక్ష తప్పితే ఆ ఖర్చు నేలపాలే. ఇంజిన్ చూసే రోజునే అండర్‌బాడీ, గేర్‌బాక్స్, వైరింగ్ కూడా చూపించాలి. రెండోది, కొత్త కారు ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, విడిభాగాలన్నిటికీ కూడా అదే రేటు వచ్చింది. రెండు వైపులా ధర తగ్గింది కాబట్టి పాత అంచనాలతో, తెలిసినవాళ్లు రెండేళ్ల క్రితం పెట్టిన ఖర్చుతో పోల్చుకోకూడదు.

దీనికి విరుద్ధమైన వాదన కూడా ఉంది, అదీ నిజమే. ‘నా కారు చరిత్ర నాకు తెలుసు. అంతే డబ్బుకు కొనే వేరే పాత కారు ఎక్కడ మునిగిందో ఎవరికి తెలుసు?’ అనేవారు తప్పు మాట్లాడటం లేదు. ప్రతి వరద తర్వాతా మునిగిన కార్లు కొన్ని కడిగి, తుడిచి, వేరే రాష్ట్రాల మార్కెట్లకు చేరుతుంటాయి. మిగతా కారంతా గట్టిగా ఉండి, మీరే ఇంకా నాలుగైదేళ్లు నడపాలనుకుంటే, పైగీతకు కొంచెం పైకి వెళ్లినా నష్టం లేదు. 1.5 లక్షల పనితో నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి పడేది 37,500 రూపాయలు. కొత్త కారు ఈఎంఐతో పోల్చి చూడాల్సిన అంకె అది.

కారును వదిలేయడమే తేలితే, తెలిసిన పాతసామాను దుకాణానికి ఇచ్చే ముందు ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రాన్ని కూడా చూడండి. అక్కడిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త ప్రైవేటు వాహనానికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలును కేంద్రం కల్పించింది. ఎంత ఇస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

సంతకం పెట్టే ముందు

వర్క్‌షాపులో పనికి ఒప్పుకునే ముందు ఈ ఐదు మాటలు కాగితం మీద ఉండాలి.

1. ఇంజిన్ ఎందుకు చెడింది? కారణం తేలకుండా కొత్త ఇంజిన్ వేస్తే అదీ అలాగే పోతుంది. రేడియేటర్ లీకు అలాగే ఉంటే, ఇంటర్‌కూలర్‌లో నీళ్లు మిగిలి ఉంటే, ఎంత ఖర్చు పెట్టినా నిలవదు.

2. బోర్, క్రాంక్, హెడ్ కొలతలు ఎంత, కంపెనీ పరిమితి ఎంత?

3. ఏ భాగాలు కొత్తవి, ఏవి పాతవే బిగిస్తున్నారు, కొత్తవి ఏ కంపెనీవి?

4. పనికి గ్యారంటీ ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు? కూలీ కూడా అందులో ఉందా? రెండోసారి విప్పితే విడిభాగం కంటే కూలీయే ఎక్కువ అవుతుంది.

5. ఇంజిన్ నంబరు మారుతుందా? మారితే ఆర్టీవో పని ఎవరు చేయిస్తారు?

విప్పి చూడటానికి వర్క్‌షాపు కొంత కూలీ అడుగుతుంది. అక్కడ పని చేయించకపోయినా అది ఇవ్వాల్సిందే. కొన్ని వేల ఆ ఖర్చును దండగ అనుకుని, విప్పకుండానే ‘మార్చేయండి’ అంటే లక్షల్లో తేడా రావచ్చు. గ్యాస్కెట్, హెడ్ పనితో పోయే ఇంజిన్‌కు షార్ట్ బ్లాక్ వేయించుకున్నవాళ్లూ ఉంటారు, రాడ్ వంగిన ఇంజిన్‌కు ఆయిల్ మార్చి సరిపెట్టుకున్నవాళ్లూ ఉంటారు. రెండు రకాల నష్టానికీ మూలం ఒకటే: కొలవకముందే తేల్చేయడం. అందుకే ముందు విప్పించండి, కొలిపించండి, కారు విలువ తెలుసుకోండి. ఆ కాగితం మరో వర్క్‌షాపులో కూడా చూపించి అడగండి. ఆ తర్వాతే పనికి ఒప్పుకోండి.